పాల వ్యాను కొనుగోలు – సంఘాలు గమనించవలసిన విషయాలు

(జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్ష, కార్యదర్శుల సమావేశంలో ఒక ప్రాథమిక సంఘం పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పశుగ్రాసం గురించి, గాలికుంటు టీకాల గురించి, దూడల పోషణ గురించి ఈ వేదిక మీద పెద్దలు అనేకసార్లు చెప్పియున్నారు. మాకు అప్పగించిన విషయం వేరు. పల్లెల్లో పోగైన పాల క్యాన్లను శీతల కేంద్రానికి చేర్చే వ్యానును డీలరు దగ్గర కొనేటప్పుడు ఎదురయ్యే అనుభవాలను గురించి చెప్పమన్నారు. మా సంఘం ఇంతవరకు రెండు వ్యాన్లు కొన్నది. మా సభ్యులలో కొందరు సొంతంగా బండ్లు కొని మన పాలే తోలుతున్నారు. ఆ అనుభవాలే మీ ముందు ఉంచుతున్నాము.

మన కేంద్రానికి ఒక ముసలమ్మ చెంబుతో అర లీటరు పాలు తెచ్చినా, నమూనా తీసి వెన్న శాతం చూడనిదే పుస్తకంలో రాయము. అర లీటరు పాలకే ఇంత పరీక్ష ఉన్నప్పుడు, లక్షల రూపాయల బండికి ఎంత పరీక్ష ఉండాలి? పాలకు లాక్టోమీటరు ఉన్నట్టే, బండి బేరానికీ కొన్ని కొలతలున్నాయి. అవి ఏమిటో చూద్దాము.

మొదట మన లెక్క

షోరూములో అడుగుపెట్టక ముందే మనకు కావలసిన బండి ఏదో మనకు తెలియాలి. 40 లీటర్ల క్యానులో పాల బరువే 41 కిలోలు దాటుతుంది. క్యాను బరువు కూడా కలిపితే ఒక్కొక్కటి సుమారు 50 కిలోలు. 12 క్యాన్లంటే 600 కిలోలు, 20 క్యాన్లంటే వెయ్యి కిలోలు. 750 కిలోలు మోసే చిన్న వ్యానుకు 15 క్యాన్లే హద్దు. అమ్మకందారు మాత్రం “రెండు వరుసలు పేర్చుకోండి, ఏమీ కాదు” అంటాడు. బండి పట్టుకున్న రోజున అతను పక్కన ఉండడు. మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణ ప్రకారం అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, పైగా ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000 రూపాయలు. మన పాలు శీతాకాలంలో పెరుగుతాయి కనుక వేసవి క్యాన్లు కాదు, శీతాకాలపు క్యాన్లు లెక్కపెట్టి బండిని ఎంచుకోవాలి.

మేము రెండవ వ్యాను కొనేటప్పుడు ప్రదర్శన బండిని మా ఊరికే పంపమని అడిగాము. క్యాన్లలో నీళ్లు నింపి, ఎక్కించి, తెల్లవారుజామున తిరిగే దారిలోనే తిప్పించాము. చెరువు కట్ట ఎక్కేటప్పుడు ఇంజను ఎట్లా లాగుతున్నదో మా డ్రైవరు స్వయంగా చూశాడు. ఆ డీలరు దగ్గరి మేస్త్రీ కూడా మంచివాడు. “మీ క్యాన్ల లెక్కకు ఈ మోడలు చాలదు, పై మోడలు చూడండి” అని దాపరికం లేకుండా చెప్పాడు. డీలర్లందరూ మోసగాళ్లని మేము అనడం లేదు. అడిగినవారికి నిజం చెప్పేవారు ఉన్నారు, ముందు అడగాలి.

నోటి ధర, కాగితం ధర

మా మొదటి వ్యాను ధరను ఆ షోరూము ప్రతినిధి ఒక విజిటింగు కార్డు వెనుక రాసి ఇచ్చాడు. “ఆన్‌రోడ్, అన్నీ కలిపి” అన్నాడు. డబ్బు కట్టే రోజున వచ్చిన కాగితంలో ధర పెరిగింది, వరుసలూ పెరిగాయి. మా కోశాధికారి ఒక్కొక్క వరుస మీద వేలు పెట్టి రెండే ప్రశ్నలు వేశాడు: “ఈ డబ్బు ఎవరికి చేరుతుంది? దానికి రశీదు ఇస్తారా?” బండి ధరకు కంపెనీ బిల్లు ఉంది. పన్నుకు, రిజిస్ట్రేషను ఫీజుకు రవాణా శాఖ రశీదు ఉంది. బీమాకు పాలసీ ఉంది. “హ్యాండ్లింగ్” అన్న వరుసకు మాత్రం రశీదు లేదు. రవాణా శాఖకు కట్టవలసిన వాటిలో అటువంటి పద్దే లేదు. “పర్మిట్ ఖర్చులు” అన్న వరుసకూ జవాబు రాలేదు. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్ అక్కరలేదని చట్టంలోని 66వ సెక్షనులోనే ఉంది. మా బండి ఆ హద్దు లోపలిదే. ఆ రెండు వరుసలనూ కొట్టివేసిన తరువాతనే చెక్కు మీద సంతకాలు పడ్డాయి.

బీమా ఏ కంపెనీలో చేయించాలన్నది కొన్నవారి ఇష్టం. డీలరు చెప్పిన చోటే చేయించాలన్న నిబంధన లేదు. బయట మరో రెండు చోట్ల ధర తెప్పించుకోండి. అయితే ధరతో పాటు బండి విలువ ఎంత రాశారో కూడా పోల్చాలి. విలువ తగ్గించి రాస్తే ప్రీమియం తగ్గుతుంది. ప్రమాదం జరిగితే వచ్చే సొమ్మూ తగ్గుతుంది.

జి.ఎస్.టి. గురించి ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుండి సరుకు రవాణా బండ్ల మీద ఈ పన్ను 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. కనుక అంతకు ముందు కొన్న పొరుగు సంఘం బిల్లును పట్టుకుని ధర పోల్చవద్దు. “ఈ పన్ను మీకు తిరిగి వస్తుంది, దాన్ని తీసేసి లెక్క వేసుకోండి” అని కొందరు అమ్మకందారులు అంటారు. పచ్చి పాల మీద పన్ను లేదు. పన్ను లేని సరుకు అమ్మేవారికి కొనుగోలు మీద కట్టిన పన్ను తిరిగి రాదు. పాలు మాత్రమే అమ్మే ప్రాథమిక సంఘానికి ఆ ఆశ చూపడం సరికాదు.

అప్పు లెక్క

సొంతంగా బండి కొనే సభ్యులు దీన్ని శ్రద్ధగా వినాలి. “8 శాతం వడ్డీ, ఫ్లాట్” అని చెబుతారు. 6 లక్షల రూపాయలు 4 సంవత్సరాలకు తీసుకుంటే వడ్డీ 1,92,000 రూపాయలు. నెలకు 16,500 రూపాయల చొప్పున 48 కిస్తులు. కాని మనం నెలనెలా అసలు కూడా కడుతూనే ఉంటాము. తగ్గిపోయిన అసలు మీద కూడా పూర్తి వడ్డీ పడుతున్నదన్నమాట. మిగిలిన అసలు మీదనే వడ్డీ కట్టే పద్ధతిలో చూస్తే ఈ అప్పు 14 శాతం పైన పడుతుంది. బ్యాంకువారు 11 శాతం అంటే ఎక్కువ అనుకుని, 8 శాతం ఫ్లాట్‌కు ఒప్పుకున్నవారు మా ఊళ్లోనే ఉన్నారు.

2024 అక్టోబరు 1 నుండి వ్యక్తులకు ఇచ్చే అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఒకటి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అన్ని ఖర్చులూ కలిపిన అసలైన వార్షిక రేటు అందులో ఉంటుంది. ఆ పత్రం అడిగి తీసుకుని, చదివించుకుని, తరువాత సంతకం చేయండి. అప్పు తీరిన రోజున 35వ నంబరు ఫారం, నిరభ్యంతర పత్రం తీసుకుని ఆర్.సి. మీద ఫైనాన్సు వారి పేరు తీయించుకోవడం మరువవద్దు.

బండి చేతికి వచ్చే రోజు

కొబ్బరికాయ కొట్టే తొందరలో కాగితాలు మరచిపోతారు. అమ్మకపు ధ్రువపత్రం 21వ ఫారం. బండి తయారీ ప్రమాణాలకు కంపెనీ ఇచ్చే పత్రం 22వ ఫారం. వాటిలోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీది నంబర్లతో అక్షరం అక్షరం సరిచూడాలి. తయారైన నెల, సంవత్సరం చూడాలి. మా రెండవ వ్యానుకు మొదట చూపిన బండి నిగనిగలాడుతూనే ఉంది గాని, కాగితంలో నిరుటి తయారీ అని ఉన్నది. అమ్మకానికి పోయే రోజున ఆ ఏడాది తేడా మన ఖాతాలోనే పడుతుంది. మేము వేరే బండి కావాలన్నాము. కొద్ది రోజులు ఆలస్యమైనా ఆ యేటి బండే వచ్చింది.

తాత్కాలికమైనా సరే, రిజిస్ట్రేషను లేకుండా డీలరు బండిని ఇవ్వకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 42వ నియమం చెబుతున్నది. “ముందు తీసుకుపోండి, నంబరు రేపు వస్తుంది” అంటే ఒప్పుకోరాదు. పొరుగు సంఘంలో ఒక సభ్యుడికి అలాగే బండి అప్పగించారు. మరునాడు పాలతో పోతుంటే దారిలో ఆపారు. పాలు ఎండలో నిలిచిపోయాయి. విరిగిన పాలకు డీలరు బాధ్యుడు కాడు. నష్టం పాలు పోసినవారిది.

స్టెప్నీ, జాకీ, పనిముట్లు, రెండవ తాళం చెవి, సర్వీసు పుస్తకం చూసుకుని తీసుకోండి. టైర్లకు, బ్యాటరీకి వారంటీ కాగితాలు వేరుగా ఉంటే వాటినీ అడగండి. క్యాన్లు ఎక్కువ పట్టడానికి బాడీ ఎత్తు పెంచవద్దు. కంపెనీ నమూనాకు భిన్నంగా మార్పులు చేయడాన్ని 52వ సెక్షను ఒప్పుకోదు.

పాత బండి మార్పిడి

పాతది ఇచ్చి కొత్తది తీసుకునే సంఘాలకు ఇది అతి ముఖ్యం. డీలరు పాత బండి తీసుకుంటాడు, ధర తగ్గిస్తాడు, మనం సంతోషిస్తాము. కాని రికార్డులో పేరు మారేవరకు ఆ బండి యజమాని సంఘమే. పేరు మారని బండి ప్రమాదం చేస్తే రికార్డులో ఉన్న యజమానిదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. ఎవరో కొని, ఎక్కడో తిప్పి, ఎవరినో గుద్దితే పరిహారపు నోటీసు మన పాల కేంద్రానికి వస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన నియమాల ప్రకారం, అధీకృత డీలరుకు పాత బండి అప్పగించినప్పుడు 29-సి ఫారంలో ఆ సంగతి రవాణా శాఖకు తెలియజేయవచ్చు. అది జరిగిందన్న రుజువు చేతికి వచ్చిన తరువాతనే తాళం చెవి ఇవ్వాలి.

ట్రక్‌షీటే సాక్ష్యం

మొదటి వ్యాను వారంటీలో ఉండగానే గేర్‌బాక్సు చెడింది. డీలరు వర్క్‌షాపు వారు “మీరు అధిక బరువు వేశారు, వారంటీ వర్తించదు” అన్నారు. వారు చెప్పిన మరమ్మతు ఖర్చు మా సంఘానికి చిన్నది కాదు. బోనసుకు దాచిన మిగులులో నుండి తీయవలసి వచ్చేది. అద్దె బండితో రోజులు నెట్టుతూ, మా కార్యదర్శి ట్రక్‌షీట్లన్నీ బయటికి తీశాడు. బండి కొన్న నాటి నుండి ప్రతి పూటా ఎన్ని క్యాన్లు ఎక్కాయో, ఎన్ని లీటర్లో, శీతల కేంద్రంలో దింపుకున్నవారి సంతకంతో సహా ఉన్నది. ఏ పూటా 13 క్యాన్లు దాటలేదు. ఆ ప్రతులు జతచేసి డీలరుకు, కంపెనీకి రిజిస్టరు పోస్టులో ఉత్తరాలు పంపాము. గేర్‌బాక్సు ఉచితంగా మార్చి ఇచ్చారు.

పాల లెక్క కోసం మనం రోజూ రాసే కాగితమే బండికి కూడా సాక్ష్యమైంది. రాసినదే నిలుస్తుంది. షోరూములో ఇచ్చిన ప్రతి మాటనూ వారి లెటర్‌హెడ్ మీద రాయించుకోవాలి. అడ్వాన్సుకు రశీదు, బండి ఇచ్చే తేదీ, ఆలస్యమైతే డబ్బు వాపసు షరతు అందులో ఉండాలి. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ జాబ్‌కార్డు ప్రతి తీసుకుని ఫైలులో ఉంచాలి.

ఫిర్యాదు చేసే చోటు

ఉత్తరాలకు జవాబు రాకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2020 జూలై 20 నుండి అమలైన కొత్త చట్టం ప్రకారం డీలరు ఏ పట్నంలో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. కట్టిన ధర 5 లక్షల వరకు ఉంటే ఫీజు లేదు. 10 లక్షల వరకు 200 రూపాయలే. రెండేళ్ల లోపల వేయాలి.

ఒక మెలిక ఉంది. వ్యాపారం కోసం కొన్నవారు ఆ చట్టం కింద వినియోగదారులు కారు. స్వయంగా పని చేసుకుని బతుకుతెరువు కోసం బండి కొన్నవారికి మాత్రం రక్షణ ఉంది. కనుక తన బండి తాను తోలుకునే సభ్యుడు నిర్భయంగా వెళ్లవచ్చు. సహకార సంఘం కూడా చట్టం దృష్టిలో “వ్యక్తి”యే గాని, డీలరు తరఫు వకీలు మొదట లేవనెత్తేది వ్యాపారమన్న అభ్యంతరమే. అందుచేత కొనుగోలు తీర్మానంలోనే “సభ్యుల పాలను చేర్చుటకు మాత్రమే, అద్దెకు కాదు” అని స్పష్టంగా రాసుకోవడం మంచిది.

సోదరులారా, వ్యాను కొనే సొమ్ము పాలకవర్గానిది కాదు. వానలో, చలిలో గేదెల పాలు పిండి తెచ్చిన వందల ఇళ్లవారిది. బేరానికి ఒక్కరే వెళ్లకుండా అధ్యక్షుడు, కార్యదర్శి, డ్రైవరు, లెక్క తెలిసిన ఒక సభ్యుడు కలిసి వెళ్లండి. ఆ రోజే సంతకం చేయక, కాగితాలు తెచ్చి పాలకవర్గంలో చదవండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో బిల్లును వరుస వరుసగా వినిపించండి. సభ్యుల ముందు చదవడానికి జంకవలసిన బిల్లుకు డబ్బు కట్టవద్దు.