దూబగుంట ఆడవాళ్లు అడిగింది

దేశం బాగుపడాలంటే మంచి నాయకుడు రావాలని కొందరు, గట్టి చట్టం రావాలని కొందరు అంటారు. ఆ రెండింటికన్నా ముందు కావలసింది, జనం పదిమందీ కూర్చుని తమ కష్టాన్ని పైకి చెప్పుకునే చోటు. దానికి సాక్ష్యం మన నెల్లూరు జిల్లాలోనే, కలిగిరి మండలం దూబగుంటలో ఉంది.

1991లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం సాగింది. పగలంతా కూలికెళ్లిన ఆడవాళ్లు రాత్రి బడిలో పలక పట్టారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ ఒక పాఠం. తాగుడు కాపురాన్ని ఎలా కూలుస్తుందో, ఆడవాళ్లు ఏకమైతే ఏం చేయగలరో అందులో ఉంది. అప్పటికి సారా ప్లాస్టిక్ పాకెట్లలో ఊరూరా దొరికేది. మగవాడి కూలి డబ్బు ఇల్లు చేరకముందే పాకెట్టుకు పోయేది. ఈ సంగతి ఏ ఇల్లాలికీ కొత్త కాదు, కాకపోతే తన ఒక్కదాని ఖర్మ అనుకునేది. బడిలో నలుగురూ నోరు విప్పాక అది ఊరందరి కష్టమని తేలింది. దూబగుంట ఆడవాళ్లలో ఒకరైన రోశమ్మ ముందు నిలిచారు. ఆడవాళ్లు పాకెట్లు తగలబెట్టారు, సారా బండ్లను ఊళ్లోకి రానివ్వలేదు. 1992లో నెల్లూరులో సారా వేలం పాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి. ఖజానాకు డబ్బు వచ్చే దారికే కూలి ఆడవాళ్లు అడ్డం నిలిచారు! 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది.

ఇదంతా సర్కారు కార్యక్రమం పుణ్యమే కదా అని ఎవరైనా అడగవచ్చు. వాచకం చేతికిచ్చింది సర్కారే. కానీ సారా పాటలు పెట్టిందీ ఆ సర్కారే. పాఠాన్ని ఆచరణలో పెట్టమని ఏ ఉత్తర్వూ చెప్పలేదు. ఆ నిర్ణయం పూర్తిగా ఆడవాళ్లదే.

ఇంకో ఆక్షేపణ ఇంతకంటే బరువైనది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది, తర్వాత బెల్టుషాపులు పల్లెల్లోకి వచ్చాయి. మరి ఉద్యమం వల్ల ఒరిగిందేమిటి? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. తాగుడు పోలేదు, ఇళ్లలో ఏడుపూ ఆగలేదు. అయినా ఒక తేడా గమనించండి. ఊరి ఆడవాళ్లు పోరాడి తెచ్చుకున్న సారా నిషేధాన్ని 1997లో కూడా ఎత్తేయలేదు. సడలిపోయింది హైదరాబాదు దాని మీద అదనంగా చేర్చిన సంపూర్ణ నిషేధమే. పైనుంచి వచ్చిన చట్టానికి పొరుగు రాష్ట్రాల సరుకూ ఖజానా లోటూ ఎదురైనప్పుడు, దాన్ని కాపాడుకునే అధికారం ఏ ఊరి చేతిలోనూ లేదు. అదే సమయంలో రోజుకు రూపాయి చొప్పున కూడబెట్టిన పొదుపులక్ష్మి సంఘాలు ఈ జిల్లాలోనే మొలిచి, రాష్ట్రమంతా అల్లుకున్నాయి. సంఘం పుస్తకం, డబ్బు, తీర్మానం అన్నీ ఆడవాళ్ల చేతుల్లోనే ఉండటం నా దృష్టిలో అందుకు ముఖ్య కారణం.

కాబట్టి మనం అడగవలసింది మరో నిషేధం కాదు. మహారాష్ట్రలో ఊరి ఆడవాళ్లు ఓటేసి మద్యం దుకాణాన్ని మూయించే నిబంధన ఉంది. ఊళ్లో దుకాణం ఉండాలా వద్దా అని తేల్చే ఆ హక్కును దూబగుంట ఉన్న రాష్ట్రంలో ప్రతి గ్రామసభకూ ఇవ్వాలి.