రిపోర్టు ఇచ్చిన మర్నాడు



స్నాతకోత్సవంలో మాట్లాడేవాళ్ళు కలలు కనమని చెప్పడం రివాజు. అది మీరు బడి రోజుల నుంచీ వింటూనే ఉన్నారు. ఫ్యాక్టరీల్లో కరెంటు, ఆవిరి, నీళ్ళు ఎక్కడ దండగవుతున్నాయో చూసి చెప్పడం నా వృత్తి. దాని గురించే చెబుతాను. మీలో కొందరిని అందులోకి లాగాలన్నది నా స్వార్థం, దాచుకోను.

బాలానగర్‌లో చిన్న ప్లేటింగ్ షాపుకు వెళ్తే వరసగా తొట్లు కనిపిస్తాయి. నికెల్ ద్రావణంలో ముంచిన సామాను పైకి తీసి, పక్కనున్న నీళ్ళ తొట్టిలో కడుగుతారు. సామానుకు అంటుకొని పైకి వచ్చిన ద్రావణం తన తొట్టిలోకే కారితే యజమాని డబ్బు మిగిలినట్టు. పక్క తొట్టిలో పడితే కాలుష్యం. మధ్యలో ఉన్నది జానెడు దూరం. ఒక షాపులో పాత ఆడిట్ రిపోర్టు చూశాను. ఎవరు రాశారో గాని లెక్కలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ప్రతి ర్యాకునూ తొట్టి మీద 15 సెకన్లు పట్టుకోవాలని, దానివల్ల నికెల్ ఎంత మిగులుతుందో, మురుగులో లోహం ఎంత తగ్గుతుందో పట్టికలు వేసి మరీ చూపించారు. ఎవరూ పాటించలేదు. ఎందుకని ప్లేటర్‌ను అడిగితే ర్యాకు నా చేతికిచ్చాడు. "మీరే పట్టుకొని చూడుండ్రి సార్. పొద్దుగాల్నించి మాపటిదాంక ఇట్లనే పట్టుకుంటే భుజం ఉంటదా?" నిండా సామాను వేలాడుతున్న ర్యాకు అది. పది లెక్కపెట్టేలోగా నా చెయ్యి వణికింది. తొట్టికి పైన అడ్డంగా ఒక పైపు బిగించి, దానికి కొక్కేలు పెట్టించాం. ఒక ర్యాకు అక్కడ వేలాడుతూ కారుతుంటే అతను ఇంకోటి అందుకుంటాడు. వెల్డరుకు ఒక పూట పని. రిపోర్టు రాసినవారు తెలివితక్కువవారేం కాదు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు, అంతే.

నా దృష్టిలో ఈ వృత్తి రిపోర్టు ఇచ్చిన మర్నాడు మొదలవుతుంది.

ఫిరోజాబాద్ సంగతి చూడండి. మన ఆడవాళ్ళ చేతులకు గాజులు పంపే ఊరు అది. తాజ్‌మహల్ పాలరాయిని కాపాడటానికి సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 30న ఈ ఊరితో సహా తాజ్ చుట్టుపక్కల ప్రాంతంలోని పరిశ్రమలు బొగ్గు మానాలని తీర్పిచ్చింది. సహజవాయువు గొట్టాలు వచ్చాయి. కోర్టు ఉత్తర్వు ఇవ్వగలదు గాని కొలిమి కట్టివ్వలేదు కదా. చాలామంది పాత బొగ్గు కొలిమికే గ్యాసు బర్నర్ తగిలించుకున్నారు. పొగ తగ్గింది గాని గ్యాసు విపరీతంగా తాగేది. గాజు కరిగించే కొలిమి రాత్రింబవళ్ళు నెలల తరబడి మండాలి. లోపల మట్టికుండల్లో రకరకాల రంగుల గాజు ఉడుకుతుంటుంది. వేడి ఒక్కసారిగా పడిపోతే కుండలు పగులుతాయి. అలాంటి చోట కొత్త ప్రయోగానికి కొలిమి ఇవ్వమంటే ఏ యజమాని ఇస్తాడు? ఢిల్లీలోని టెరి సంస్థ ఇంజనీర్లు, స్విట్జర్లాండ్ ప్రభుత్వ అభివృద్ధి సంస్థ సాయంతో, ఏళ్ళ తరబడి ఆ ఊరినే పట్టుకొని ఉన్నారు. చిమ్నీలోకి పోయే వేడితో లోపలికి వచ్చే గాలిని కాచే కొలిమిని రూపొందించి 2000లో మొదటిది నడిపించారు. పాత బొగ్గు కొలిమితో పోలిస్తే ఇంధన వాడకం దాదాపు సగానికి దిగింది. ఆ కొలిమి కట్టే విద్య అక్కడి మేస్త్రీలకు నేర్పారు. ఒకరిని చూసి ఒకరు కట్టించుకున్నారు. నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది మేస్త్రీలకు నేర్పడమే.

కంప్రెసర్ గాలిది చిన్న లెక్క. 7 బార్ల గొట్టానికి 3 మిల్లీమీటర్ల చిల్లి పడితే దాదాపు 3 కిలోవాట్లు వృథా. ఏడాదికి 8,000 గంటలు నడిచే చోట అది 24,000 యూనిట్లు. ఆదివారం యంత్రాలన్నీ ఆపి, కంప్రెసర్ ఒక్కటే నడిపి షెడ్డులో నిలబడితే బుస్సుబుస్సుమని వినబడుతుంది. సబ్బునురగ రాస్తే చిల్లి ఎక్కడో తెలుస్తుంది. మూసిన చిల్లులు మళ్ళీ పడతాయి కాబట్టి ఇక్కడా రెండోసారి వెళ్ళినవాడిదే లాభం.

వ్యర్థమంతా పుట్టనిచ్చి చివర్లో శుద్ధి చేద్దామనుకుంటే ఏమవుతుందో పటాన్‌చెరు చూపించింది. దాదాపు 90 మందుల కంపెనీల మురుగు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వదిలిన నీళ్ళలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. శుద్ధి అయ్యాక తేలిన లెక్క అది! రియాక్టరు దగ్గర పట్టుకోవలసినదాన్ని పది ఫ్యాక్టరీల నీళ్ళతో కలిపాక ఎవరు విడదీస్తారు?

మీరు నోట్‌బుక్ పట్టుకొని వెళ్తే యజమాని, కాలుష్య నియంత్రణ బోర్డు మనుషులేమోనని, ముందు "బోర్డు వాళ్ళా?" అని అడుగుతాడు. కాదని నమ్మితేగాని వెనక షెడ్డు తాళం తియ్యడు. లోపల చూసింది బయట చెప్పకూడదు. ఊరి వాగులోకి విషం పోతుంటే మాత్రం ఆ మాటకు కట్టుబడి ఉండాల్సిన పని లేదు. ఆ గీత ఎక్కడుందో మొదటి రోజే యజమానికి చెప్పేయండి.

2001 ఇంధన పొదుపు చట్టం తప్పనిసరిగా ఆడిట్ చేయించుకోమన్నది పెద్ద వినియోగదారులనే. చిన్నవాటికి ఆ బలవంతం లేదు. అయినా భీమవరం ఐసు ఫ్యాక్టరీలు, వరంగల్ రైసు మిల్లులు, గోదావరి జిల్లాల రిఫ్రాక్టరీ యూనిట్లు కేంద్ర ఇంధన పొదుపు సంస్థ చేపట్టిన చిన్నపరిశ్రమల అధ్యయనంలో ఉన్నాయి. ఆ నివేదికలు తీసి చదవండి. చదివి, అక్కడికి వెళ్ళి, ఏది అమలయిందో, ఏది కాలేదో, ఎందుకు కాలేదో అడగండి.

అమెరికాలో ప్రభుత్వ సాయంతో 1976లో విశ్వవిద్యాలయాల్లో పారిశ్రామిక ఆడిట్ కేంద్రాలు మొదలయ్యాయి. విద్యార్థులే ఆచార్యుల వెంట చిన్న, మధ్యతరహా ఫ్యాక్టరీలకు వెళ్ళి, పైసా తీసుకోకుండా కొలిచి, లెక్కకట్టి సలహా ఇచ్చేవారు. పైచదువులకు అక్కడికి వెళ్ళేవాళ్ళు అలాంటి కేంద్రం ఉంటే అందులో చేరండి.

ఇక్కడే ఉండేవాళ్ళ తరఫున ఉపకులపతి గారికి ఒక విన్నపం. చిమ్నీ వాయువులు కొలిచే యంత్రం, కరెంటు కొలిచే క్లాంపు మీటరు, నీటి ప్రవాహ మీటరు, దూరం నుంచే వేడి చూసే థర్మామీటరు కావాలి. అన్నీ కలిపినా ఒక కాలేజీ బస్సు ధర కాదు. మూడో సంవత్సరం విద్యార్థులకు ఫ్యాక్టరీ ఆడిట్ చేయడాన్ని ప్రాజెక్టుగా పెట్టి, చుట్టుపక్కల పారిశ్రామికవాడలకు పంపండి. మార్కులు మాత్రం రిపోర్టుకు వేయకండి. ఆర్నెల్ల తర్వాత వాళ్ళనే మళ్ళీ అదే ఫ్యాక్టరీకి పంపి, అక్కడ ఏం మారిందో చూసి వేయండి.