మేమా, మనమా?



రష్యా దేశీయుడగు యెవ్గేనీ జమ్యాటిన్ ఓడలు నిర్మించు ఇంజనీరు. 1916-17లో ఇంగ్లండునందలి న్యూకాసిల్ ప్రాంతమున, తన దేశము కొఱకు కట్టబడుచుండిన మంచును చీల్చు ఓడల పనిని పర్యవేక్షించెను. యంత్రము నెఱిగినవాడు గనుకనే యంత్రయుగమును గూర్చి యతడు వ్రాసిన నవల నమ్మదగియున్నది. 1920-21 నాటి యా నవల 1924లో న్యూయార్కున ఆంగ్లానువాదముగ వెలువడెను. స్వదేశమున అచ్చగుట 1988లో. అప్పటికి గ్రంథకర్త పారిస్ నగరమున కన్నుమూసి యేబదియొక్క సంవత్సరములు గడచెను.

ఆ గ్రంథమునందలి రాజ్యమున మనుష్యులకు పేర్లు లేవు, అంకెలే గలవు. కథ చెప్పువాడు డి-503. ఇండ్ల గోడలు గాజువి. లేచుట, భుజించుట, నడచుట సర్వమును గడియారపు పట్టిక ననుసరించి లక్షలకొలది జనులు ఏకకాలమున జరుపుదురు. కడపట ఊహాశక్తిని తొలగించు చికిత్స యొకటి కనిపెట్టబడును. డి-503 దానికి లోనై, తాను ప్రేమించిన స్త్రీని హింసించుచుండగా కలత లేక చూచుచు కూర్చుండును. ఇంతకన్న ఘోరమైన ముగింపును మేము చదివి యెఱుగము.

ఆ నవల పేరు ఆంగ్లమున 'వుయ్'. తెలుగున నేమందుము? మన భాషలో 'మేము' వేఱు, 'మనము' వేఱు. మనమన్నచో వినువాడు లోపలివాడు, మేమన్నచో వెలుపలివాడు. (పత్రికలవారికి 'మేము' అలవాటైన మాట!) రష్యను సర్వనామమునకు గాని, ఆంగ్ల సర్వనామమునకు గాని ఈ భేదము లేదు. ఆ రాజ్యము తన ప్రజలతో 'మనము' అను భావముననే పలుకును. ప్రశ్నించిన దినమున వాడు వెలుపలివాడగును.

మన దేశమున, ప్రశ్నింపనివారును వెలుపల నిలువవలసివచ్చుచున్నది. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని తెంభలీ గ్రామమున ఆధార్ సంఖ్య లిచ్చుట ఆరంభమయ్యెను. సంఖ్య యుండుట దోషమని మేమనము. దొంగకార్డులపై పేదల బియ్యము మ్రింగువారిని పట్టుట అవసరమే. కాని సంఖ్యకును మనిషికిని పొత్తు కుదరనప్పుడు ఎవరి మాట చెల్లవలెను?

1858లో వంగదేశమునందలి జంగీపురమున విలియం హెర్షెల్ అను దొర, కంకర సరఫరా చేయు గుత్తేదారునిచే ఒడంబడికపై అఱచేతి ముద్ర వేయించెను. ఒప్పందము తనది కాదని యతడు పిదప బొంకకుండుటకట! మనవాని మాటను నమ్మక చేతిని నమ్మిన యేర్పాటది. నేడు చేయియు చాలకున్నది. నాట్లు వేసి, ఇటుకలు మోసి, సున్నము కలిపి అరిగిన బొటనవ్రేలిని చౌకధరల దుకాణపు యంత్రము కొన్ని సారులు గుర్తింపదు. డీలరు ఆ వృద్ధురాలిని నలువదేండ్లుగ నెఱిగియుండవచ్చును. ఐనను తూకము వేయుటకు జంకును. వేఱు మార్గములు గలవందురు. నిజమే, గలవు. వానికై మఱియొక దినపు కూలి పోగొట్టుకొని ఆమె తిరిగి రావలెను.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగ తీర్పు చెప్పిరి. గాజుగోడలకు అది సమాధానము. అరిగిన వ్రేలికి?

మేము కోరునది స్వల్పము. యంత్రము కాదన్న ప్రతిసారియు డీలరు ఆ సంగతిని తేదీతో కాగితముపై వ్రాసి యామె చేతి కీయవలెను. బియ్యమును ఆనాడే కొలిచి యీయవలెను. ఆ కాగితముల నకళ్లు గ్రామసభలో అందఱి యెదుట చదువబడవలెను.