రెండోసారి ఎందుకు కనిపించదు?

(మహిళా కార్పొరేటర్ల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగం)



నగరపాలక సంస్థలో స్త్రీల ప్రస్తావన రాగానే "పేరు ఆమెది, పెత్తనం భర్తది" అంటారు. అలాంటి చోట్లు ఉన్నాయి, కాదనను. కానీ సొంతంగా నిలబడి పనిచేసిన స్త్రీ కూడా చాలాసార్లు రెండోసారి కౌన్సిల్లో కనిపించదు. ఎందుకని?

హైదరాబాదు సంగతే చూడండి. రిజర్వేషన్లు లేని 1960వ దశకంలోనే రాణి కుముదినీదేవి, సరోజినీ పుల్లారెడ్డి ఇక్కడ మేయర్లుగా పనిచేశారు. సామాన్య కుటుంబాల స్త్రీలకు మాత్రం దారి ఏర్పడింది 74వ రాజ్యాంగ సవరణతోనే. 1993 జూన్ 1 నుంచి అమలైన ఆ సవరణ మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు మనకిచ్చింది. అయితే 1986లో ఎన్నికైన కౌన్సిల్ గడువు తీరాక ఇక్కడ మళ్లీ ఎన్నికలు జరిగింది 2002లో. చట్టంలోని హక్కు మన చేతికి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. 2007లో గ్రేటర్ ఏర్పడ్డాక 2009 దాకా ఆగాం. 2014 చివర గడువు తీరితే 2016 దాకా ఆగాం. ఈ ఖాళీల్లో పురుషుడికి పార్టీలో ఏదో ఒక పదవి ఉంటుంది. స్త్రీ ఇంటికి వెళ్తుంది.

రెండో అడ్డంకి వంతుల పద్ధతి. రిజర్వు స్థానాలను వార్డుల మధ్య మార్చవచ్చని రాజ్యాంగమే చెబుతోంది. మొదటిసారి గెలిచిన స్త్రీకి బడ్జెట్ పద్దులు, అంచనాలు, టెండర్లు, స్టాండింగ్ కమిటీ వ్యవహారం అర్థమయ్యేసరికే సగం కాలం గడిచిపోతుంది. పని పట్టుబడే వేళకు వార్డు జనరల్ అవుతుంది. జనరల్ అంటే మగవాళ్లదే అని పార్టీలు అర్థం చెప్పుకున్నాయి. ఏ చట్టంలోనూ ఆ మాట లేదు.

2016లో 150 వార్డుల్లో 75 స్త్రీలకు కేటాయించారు. 2020లో చట్టాన్ని సవరించి, ఒకే రిజర్వేషన్ రెండు ఎన్నికలకు కొనసాగేలా చేశారు. ఇది మేలే. కానీ దానితో సరిపెట్టుకోలేం.

మన సంఘాలు చేయవలసినవి మూడున్నాయి. ఎన్నికలు వాయిదా పడితే వెంటనే ప్రశ్నించాలి, అవసరమైతే కోర్టుకెళ్లాలి. కార్పొరేటరు సభలో అడిగిన ప్రశ్నలు, సాధించిన కుళాయిలు, కాలువలు, వీధిదీపాలు తేదీలతో రాసిపెట్టాలి. ఆ కాగితాలు పట్టుకుని జనరల్ వార్డులోనూ ఆమెకే టికెట్ ఇమ్మని పార్టీలను నిలదీయాలి.

ఆమెను గెలిపించడానికి గడపగడపా తిరిగాం. ఆమెను నిలబెట్టడానికీ తిరగాలి.