తూనికరాళ్ళు ఎవరివి?



పోలికల విషయమున ఉరవకొండ రైతునకు నేను క్రొత్తగా బోధింపవలసినది లేదు. బోరునీటి క్రింద సకాలమున ఎరువులు వేసి పెంచిన తన వేరుశనగను, సాలునకు 550 మిల్లీమీటర్ల వానయే దిక్కైన మెట్టచేని టి.ఎం.వి.-2 రకపు వేరుశనగ ప్రక్కన నిలిపి, విత్తనములవాడు దిగుబడి చూపినచో, కాయల తూకము సత్యమే యైనను పోలిక అసత్యమని మీరు చేనిగట్టుననే గ్రహింతురు. సాఫ్ట్‌వేరు విక్రయమున ఆ చేను కంటికి కానరాదు.

1999 ఏప్రిల్‌లో మైండ్‌క్రాఫ్ట్ అను సంస్థ, యంత్రములను నడుపు సాఫ్ట్‌వేరగు విండోస్ ఎన్.టి., దాని పోటీయగు లినక్సుకంటె ఫైళ్ళ పంపిణీలో 2.5 రెట్లు, వెబ్ పేజీల పంపిణీలో 3.7 రెట్లు వేగవంతమని ప్రకటించెను. పరీక్షకు ధనమిచ్చినది విండోస్ నిర్మాతయగు మైక్రోసాఫ్టే. యంత్రమో, నాలుగు ప్రాసెసర్లు, నాలుగు నెట్‌వర్కు కార్డులు గలది. లినక్సును తగురీతిని అమర్చలేదని ఆక్షేపణలు చెలరేగగా, జూన్‌లో లినక్సు నిపుణుల సమక్షముననే మరల పరీక్షించిరి, అప్పుడును ఎన్.టి.యే గెలిచెను. ఈ మాట దాచితినేని నేనును ఆ ప్రకటనకర్తల పంక్తిలోనివాడనే యగుదును. నెట్‌వర్కు పనిని పెక్కు ప్రాసెసర్లకు చక్కగా పంచలేని ఆ లోపమును లినక్సు నిర్మాతలు గుర్తించి, 2001లో వెలువడిన 2.4 కూర్పునందు సవరించిరి. అంకె నిజమే; కాని ఎట్టి యంత్రముపై నిజమో, ఆ యంత్రమును ఎంచినవారెవరో మనము విచారింపవలెను.

2004 నాటి ఉదంతము ఇంతకంటె స్పష్టమైనది. లినక్సు 10 రెట్లు ఖరీదైనదన్న మైక్రోసాఫ్ట్ ప్రకటన తప్పుద్రోవ పట్టించునదని బ్రిటన్‌లోని ప్రకటనల ప్రమాణసంస్థ తీర్మానించెను; ఏలయన లినక్సును ఐ.బి.ఎం. వారి ఖరీదైన మెయిన్‌ఫ్రేమ్ యంత్రము మీదను, విండోస్‌ను చౌకయగు ఇంటెల్ యంత్రము మీదను నడిపి ఖర్చులు లెక్కించిరి. ఒక యెద్దు వెలలో బండి వెలను గూడ కలిపి, రెండవ యెద్దు చౌకయని చాటుట వంటిదిది.

పదేండ్లకు, 2014లో, అదే మైక్రోసాఫ్టునకు అధిపతియైన సత్య నాదెళ్ళవారు తమ సంస్థ లినక్సును ప్రేమించుచున్నదని సభాముఖమున ప్రకటించిరి. అప్పటికి ఆ కంపెనీ లినక్సు నడుచు యంత్రములను గూడ అద్దెకిచ్చి ఆర్జించుచుండెను. అమ్ముడుసరకు మారినది గనుక మాటయు మారినదని నా యభిప్రాయము.

ఇట్టి పోలికలే మన బజారునకును వచ్చినవి. బిల్లుల సాఫ్ట్‌వేరు కొనబోవు వర్తకుల చేతికి విక్రేతలిచ్చు పోలికల పట్టికలను నేను శ్రద్ధగా చదివితిని. ఒకరి నిలువువరుస నిండ ఒప్పు గుర్తులు, ఇతరుల వరుసల నిండ తప్పు గుర్తులు. కరెంటు పోయినపుడు వ్రాయుచున్న లెక్క నిలుచునా, మరియొక సాఫ్ట్‌వేరునకు మారదలచినపుడు మన ఖాతాలు మన చేతికి వచ్చునా అన్న గడులు వానిలో లేవు. అట్టి కాగితములు మీ యొద్దనున్నచో రేపు తెండు. ఏ గడులు విడిచిరో కూర్చుండి కలసి వ్రాయుదము.