214 కోట్ల వద్ద నిలిచిన లెక్క

మన పెద్దబాలశిక్ష కోటి దాటిన సంఖ్యలకును పేర్లు నేర్పినది. కంప్యూటరునకు అట్టి ఔదార్యము లేదు. అది లెక్క వ్రాసికొనుటకు ముందుగానే గళ్లు కొలిచి పెట్టుకొనును. 32 గళ్లలో ఒకటి ధనఋణ చిహ్నమునకు పోగా, మిగిలిన 31 గళ్లలో పట్టు మిక్కిలి పెద్ద సంఖ్య 2,14,74,83,647. దానికి ఒకటి చేర్చినచో చిహ్నపు గడి మారి, లెక్క ఋణసంఖ్యయై కూర్చుండును. నిండిన గాదె అప్పుగా కనబడునన్నమాట!

స్వీడను దేశీయుడగు డేనియల్ స్టెన్‌బెర్గ్ 1998లో కర్ల్ అను సాధనమును వెలువరించెను. 2000లో దానినుండి లిబ్‌కర్ల్ అను లైబ్రరీ వచ్చినది. లైబ్రరీ యనగా ఇచట పుస్తకములు గావు. ఇతర ప్రోగ్రాములు ఎరువు తెచ్చుకొను పనిముట్ల పెట్టె. తొలిదినములలో, ఆనాటి సామాన్య యంత్రములపై, ఇది ఫైలు పొడవును 32 గళ్లలోనే లెక్కించెడిది. ఒక డీవీడీలోనే సుమారు 470 కోట్ల బైట్లు పట్టునుగదా!

అట్టి లోపముగల వేరొక ప్రోగ్రాముతో మేమును ఒకప్పుడు రాత్రంతయు ఫైలు దింపుకొంటిమి. తెల్లవారి చూచుసరికి 2 గిగాబైట్లయొద్ద ఆగియుండెను. నేరము తీగదని తలచి మరల ఆరంభించితిమి. మరల అచ్చటనే ఆగెను. తీగ తెగుటకు నియమముండదు, గడి నిండుటకుండును. ఆ సంగతి మాకు రెండవనాడుగాని తట్టలేదు.

మందు సులభమే: గళ్లను 64 చేయుట. చిక్కెల్ల చేయు విధముననున్నది. పాత ప్రోగ్రాములు పొడవును 4 బైట్లుగా అందించుటకు అలవాటుపడినవి. లైబ్రరీ హఠాత్తుగా 8 బైట్లకు చేయిచాచినచో, ప్రక్కనున్న సంబంధములేని 4 బైట్లనుగూడ కలిపి చదివికొనవచ్చును. కావున 2004 జనవరిలో వెలువడిన 7.11.0 రూపమున పాత ఐచ్ఛికములను కదలింపక, పేరు చివర ‘లార్జ్’ అని చేర్చి క్రొత్తవానిని ప్రక్కన నిలిపిరి: పంపు ఫైలు పొడవునకొకటి, ఆగినచోటినుండి కొనసాగించుటకొకటి. పాతయిల్లు పడగొట్టక వసారా దింపినట్లు. పేర్లు రెండింతలైనను మాకిది మెచ్చదగిన వివేకముగా తోచినది.

పాత ఐచ్ఛికము నేటికిని ఉన్నది. 64 బిట్ల విండోసుపై సైతము దాని ‘లాంగ్’ సంఖ్యకు 32 గళ్లే. అందుచే ప్రోగ్రాము వ్రాయువారు చిన్న ఫైలు పంపి తృప్తిపడరాదు. 2,14,74,83,647 బైట్ల ఫైలొకటి, అంతకు ఒక్క బైటు హెచ్చైనదొకటి తీసికొని, రెంటిని పంపి చూడవలెను.