కుళాయి వస్తే చాలదు, కాపలా కావాలి
(కోటబొమ్మాళి రైతుల సమావేశంలో ప్రసంగం)



2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు కరెంటు స్తంభాలు కూలాయి. మోటార్లు ఆగి ఉద్దానం పల్లెలు తాగునీటికి రోజుల తరబడి అల్లాడాయి. హిరమండలం నుంచి వంశధార నీటిని ఏడు మండలాలకు తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. కిడ్నీ జబ్బు పీడిస్తున్న నేలకు అది కావాల్సిందే. కానీ గొట్టం పొడవైనకొద్దీ పగిలే చోట్లూ ఎక్కువే. సరఫరా ఆగితే పగుళ్లలోంచి మురుగు లోపలికి చేరుతుంది.

మనం అడగాల్సినవి ఇవి: పంపుహౌసులకు జనరేటర్లు, ట్యాంకులకు మూతలు, తాళాలు. చివరి కుళాయిలోనూ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ఆ పరీక్షల లెక్క గ్రామసభలో చదవాలి. పాత బావుల నీటిని పరీక్షించి, మంచివాటిని ఆపదకు కాపాడుకోవాలి.

చేనుగట్టు చూసుకున్నట్టే ఊరి ట్యాంకునూ మనమే చూసుకోవాలి.